ఎప్సిలాన్ అడుగుతుంది, డెల్టా జవాబు చెబుతుంది



ఇంటర్‌లో ఎంపీసీ చదివి, లెక్కలంటే ఇష్టంతో బీఎస్సీలో చేరిన పిల్లలు రెండో ఏడాదికి వచ్చేసరికి ఒక పేపరు దగ్గర ఆగిపోతారు. దాని పేరు రియల్ అనాలిసిస్. తెలుగులో వాస్తవ విశ్లేషణ అంటాం. మూడో సెమిస్టర్‌లో వస్తుంది. అప్పటిదాకా లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకున్న పిల్ల కూడా ఈ పుస్తకం తెరిచి పది రోజులు గడిచాక, నాకు లెక్కలు రావేమో సార్ అంటుంది. ఆ మాట నిజం కాదని, ఆ పుస్తకాన్ని చదివే తీరు వేరే ఉందని ఈ పూట చెప్పాలనుకుంటున్నాను. మీ దగ్గర కాగితం, పెన్ను ఉంటే తీసుకోండి. కాసేపట్లో ఒక లెక్క నోటితోనే చేద్దాం.

నేను మాట్లాడుతున్నది పెద్దకొడప్‌గల్ లాంటి ఊళ్ల పిల్లలను మనసులో పెట్టుకుని. హైదరాబాద్ నుంచి నాందేడ్ వెళ్లే జాతీయ రహదారి మీద, పిట్లం దాటాక వచ్చే ఊరిది. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు మండల కేంద్రమైంది. నల్లరేగడి నేల. సోయా, కంది, పత్తి, శనగ పండించే ఇళ్ల నుంచి పిల్లలు డిగ్రీకి బిచ్కుందకో, బాన్సువాడకో, కామారెడ్డికో, నిజామాబాద్‌కో వెళ్తారు. ఇంకా చదవాలనుకున్నవాళ్లకు డిచ్‌పల్లిలో 2006లో పెట్టిన తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. ఈ వైపు ఇళ్లల్లో తెలుగుతో పాటు మరాఠీ, కన్నడ కూడా వినిపిస్తాయి. సంతలో ఒక భాష, ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడే పిల్లవాడు భాషలో వెనకబడ్డవాడు కాడు. అతనికి కొత్త భాష నేర్చుకోవడం అలవాటే. అనాలిసిస్‌కు కావలసిన మొదటి అర్హత అదే. ఎందుకంటే ఇది చాలావరకు మాటను సరిగ్గా చెప్పడం గురించిన చదువు.

ఇంటర్‌లో అవధులు చేశాం. ఎక్స్ వర్గం మైనస్ తొమ్మిది బై ఎక్స్ మైనస్ మూడు, ఎక్స్ మూడుకు దగ్గరవుతుంటే విలువ ఎంత? పైన కారణాంకాలు విడదీసి, కిందా పైనా కొట్టేసి, ఆరు అని రాసేశాం. రెండు మార్కులు వచ్చాయి. అక్కడ అడిగింది విలువ. డిగ్రీలో పుస్తకం అడిగేది వేరు. ఆరు అన్నావు సరే, ఆరే అని ఎలా చెప్పగలవు? దగ్గరవడం అంటే ఏమిటి? ఎంత దగ్గర? ఈ ప్రశ్నలు ఎవరూ ముందు చెప్పకుండా ఒక్కసారిగా మీద పడతాయి. పని మారిందని తెలియక పిల్లలు పాత పద్ధతిలోనే సూత్రం కోసం వెతుకుతారు. అక్కడ సూత్రం ఉండదు, వాదన ఉంటుంది. ఊళ్లో పెద్దమనుషుల ముందు ఒక మాట అంటే, ఎవరు ఏ వైపు నుంచి అడిగినా ఆ మాట నిలబడాలి కదా, అట్లాంటి వాదన.

ఇప్పుడు కాగితం మీద రాయండి. ఒకటి, అర, మూడో వంతు, నాలుగో వంతు, ఇలా పోయే అనుక్రమం. దీని అవధి సున్నా అంటాం. ఈ మాటను ఒకరు శంకించారనుకోండి. సున్నాకు నూరో వంతు కంటే దగ్గరగా వస్తుందా, వచ్చాక అక్కడే ఉంటుందా అని అడిగారు. మీ జవాబు: నూరో పదం దాటిన తరువాత ప్రతి పదమూ ఆ దూరం లోపలే ఉంటుంది. పది లక్షల్లో ఒక వంతు అంటే? పదిలక్షలో పదం దాటాక. అడిగేవారు పెట్టే ఆ చిన్న సంఖ్య పేరే ఎప్సిలాన్. అది సున్నా కంటే పెద్దదై ఉంటే చాలు, ఎంత చిన్నదైనా వారి ఇష్టం. మీరు ఇచ్చే జవాబు, ఎన్నో పదం నుంచి అన్నది. ఇందులో ఎవరు ముందు మాట్లాడాలన్నదే అసలు విషయం. ముందు ఎప్సిలాన్ అడుగుతుంది, తరువాత మీరు జవాబు చెబుతారు. మీ జవాబు ఎప్సిలాన్‌ను బట్టి మారవచ్చు. ఈ వరస తారుమారు చేసి, ముందే ఒక పదాన్ని చూపించి, ఇక్కడి నుంచి అన్ని ఎప్సిలాన్లకూ సరిపోతుందంటే ఆ మాట తప్పు. అక్కడి నుంచి పదాలన్నీ సున్నాయే కావలసి వస్తుంది.

ఇంకొంచెం కష్టమైనది. ఎక్స్ వర్గం అనే ప్రమేయం మూడు దగ్గర అవిచ్ఛిన్నమని చూపించాలి. అంటే, ఎక్స్‌ను మూడుకు డెల్టా దూరం లోపల ఉంచితే, ఎక్స్ వర్గం తొమ్మిదికి ఎప్సిలాన్ దూరం లోపల ఉండాలి. ఆ డెల్టా ఎంతో మనం చెప్పాలి. ఎక్స్ వర్గం మైనస్ తొమ్మిదిని ఎక్స్ మైనస్ మూడు, ఎక్స్ ప్లస్ మూడుల లబ్ధంగా విడగొట్టండి. ఎక్స్ మైనస్ మూడు మన చేతిలో ఉంది, దాన్ని డెల్టాతో అదుపు చేస్తాం. ఎక్స్ ప్లస్ మూడు మాత్రం ఇబ్బంది పెడుతుంది, ఎక్స్‌తో పాటు అదీ మారుతుంది. కాబట్టి ముందుగా డెల్టా ఒకటికి మించదని మనమే ఒప్పందం చేసుకుందాం. అప్పుడు ఎక్స్ రెండుకూ నాలుగుకూ మధ్య ఉంటుంది. ఎక్స్ ప్లస్ మూడు ఏడు కంటే తక్కువే. ఇక లబ్ధం ఏడు డెల్టాలకు మించదు. అది ఎప్సిలాన్‌కు లోబడాలంటే డెల్టా ఎప్సిలాన్‌లో ఏడో వంతు అయితే చాలు. కాబట్టి ఒకటి, ఎప్సిలాన్‌లో ఏడో వంతు, ఈ రెండింటిలో చిన్నదాన్ని డెల్టాగా తీసుకుంటాం. నిరూపణ అయిపోయింది.

పుస్తకంలో ఇది తలకిందులుగా ఉంటుంది. మొదటి వాక్యమే డెల్టాను ఒకటి, ఎప్సిలాన్ బై ఏడులలో చిన్నదిగా తీసుకోండి అని మొదలవుతుంది. చదివే పిల్లకు ఆ ఏడు ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలియదు. తెలియక, ఇది తెలివైనవాళ్లకే తట్టే విషయమనుకుని, రాత్రి కూర్చుని ఆ ఏడును బట్టీ పడుతుంది. పరీక్షలో మూడుకు బదులు ఐదు ఇస్తే అక్కడా ఏడే రాస్తుంది. పుస్తకం రాసినవారు కూడా మనం ఇప్పుడు చేసినట్టే చిత్తు కాగితం మీద వెనక నుంచి ముందుకు లెక్క కట్టి, తరువాత శుభ్రంగా ముందు నుంచి వెనక్కి రాశారు. చిత్తు కాగితం అచ్చులో రాదు. దాన్ని మనమే రాసుకోవాలి. అనాలిసిస్ చదవడంలో సగం పని అదేనని నా నమ్మకం.

అదే ప్రమేయాన్ని వెయ్యి దగ్గర చూడండి. అదే ఒప్పందంతో లెక్క కడితే ఏడు స్థానంలో రెండు వేల ఒకటి వస్తుంది. ఎప్సిలాన్ నూరో వంతు అనుకుంటే మూడు దగ్గర డెల్టా ఏడు వందల్లో ఒక వంతు, వెయ్యి దగ్గర రెండు లక్షల నూటిలో ఒక వంతు. ఎక్స్ దూరం పోయేకొద్దీ డెల్టా చిన్నదవుతూనే ఉండాలి. సంఖ్యారేఖ మొత్తానికీ సరిపోయే ఒకే డెల్టా దొరకదు. అదే సున్నా నుంచి పది వరకు ఉన్న సంవృత అంతరంలో అయితే ఒకే డెల్టాతో పని జరిగిపోతుంది. ఏకరూప అవిచ్ఛిన్నత అనే పాఠంలో ఉన్నది ఈ తేడాయే. పిల్లలు భయపడే ఆ అధ్యాయం, రెండు చోట్ల లెక్క కట్టి పక్కపక్కన పెట్టి చూస్తే అరగంటలో కుదురుకుంటుంది.

ఇంత జాగ్రత్త ఎందుకు, లెక్క వస్తే చాలదా అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. జవాబుకు సున్నాతో భాగహారం కథ చూడండి. గణితసారసంగ్రహం రాసిన మహావీరాచార్యుడు 9వ శతాబ్దివాడు, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంవాడు. మన మంజీరా నది తీరం కూడా ఆనాడు రాష్ట్రకూటుల ఏలుబడిలోదే. ఆ గ్రంథాన్నే తరువాత పావులూరి మల్లన తెలుగు చేశాడు. రుణ సంఖ్యకు వర్గమూలం ఉండదని అంత స్పష్టంగా చెప్పిన మహావీరుడు, ఒక సంఖ్యను సున్నాతో భాగిస్తే ఆ సంఖ్య మారకుండా అలాగే ఉంటుందన్నాడు. అంతకుముందు 628లో బ్రహ్మగుప్తుడు సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు సున్నాతో భాగిస్తే వచ్చేది అనంతమన్నాడు. ముగ్గురూ మహామేధావులే. అయినా మూడు మాటలు కుదరలేదు. నిర్వచనం స్థిరపడనిచోట ఎంత మేధావికైనా అలాగే జరుగుతుంది.

యూరప్‌లోనూ అదే కథ. 1821లో ఫ్రాన్స్‌లో కోషీ తన విద్యార్థుల కోసం ఒక పాఠ్యపుస్తకం అచ్చువేశాడు. అవధి, అవిచ్ఛిన్నత, అభిసరణం అన్నిటినీ నిర్వచనాల మీద నిలబెట్టాలన్న పట్టుదలతో రాసిన పుస్తకం అది. అందులోనే ఒక సిద్ధాంతం, అవిచ్ఛిన్న ప్రమేయాల శ్రేణి అభిసరిస్తే, అంటే దాని మొత్తం ఒక అవధికి చేరితే, ఆ మొత్తం కూడా అవిచ్ఛిన్నమేనని. 1826లో ఇంకా ఇరవైనాలుగేళ్లు నిండని నార్వే కుర్రవాడు ఆబెల్, ఈ సిద్ధాంతానికి మినహాయింపులున్నట్టున్నాయని సైన్ పదాలతో ఒక శ్రేణిని చూపించాడు. అందులో ప్రతి పదమూ అవిచ్ఛిన్నమే, మొత్తం మాత్రం మధ్యలో తెగి దూకుతుంది. అంతటి కోషీ పుస్తకంలోని వాక్యాన్ని ఆపి అడగగలిగిన ఆ చదువరిని మన పిల్లలు గుర్తుపెట్టుకోవాలి. పుస్తకంలో ఉంది కాబట్టి నిజం అనుకోవడంతో అనాలిసిస్ రాదు. ఆ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నంలోనే ఏకరూప అభిసరణం అనే భావన పుట్టింది.

మీరే చేసి చూడగల ఇంకొక ఉదాహరణ. ఒకటి మైనస్ అర ప్లస్ మూడో వంతు మైనస్ నాలుగో వంతు, ఇలా సాగే శ్రేణి మొత్తం సుమారు 0.693. ఇప్పుడు అవే పదాలను వరస మార్చి కూడండి. ఒక ధన పదం, తరువాత రెండు రుణ పదాలు. ఒకటి, మైనస్ అర, మైనస్ నాలుగో వంతు. మళ్లీ మూడో వంతు, మైనస్ ఆరో వంతు, మైనస్ ఎనిమిదో వంతు. ఒక్క పదమూ వదలలేదు, ఒక్కటీ కొత్తగా చేర్చలేదు. ఒకటిలోంచి అర తీస్తే అర. మూడో వంతులోంచి ఆరో వంతు తీస్తే ఆరో వంతు. అంటే మిగిలేది అర మైనస్ నాలుగో వంతు ప్లస్ ఆరో వంతు మైనస్ ఎనిమిదో వంతు. మొదటి శ్రేణిలో ప్రతి పదమూ సగమైంది. మొత్తం కూడా సగమే, 0.347 దగ్గర. చిన్నప్పటి నుంచి ఏ వరసలో కూడినా ఒకటే అని నేర్చుకున్నాం. పరిమితమైన పదాలకు అది నిజం, అనంతమైన పదాలకు ఎల్లప్పుడూ నిజం కాదు. ఇటువంటి శ్రేణిని వరస మార్చి మనం కోరుకున్న ఏ సంఖ్యకైనా చేర్చవచ్చని గణితవేత్త రీమాన్ నిరూపించాడు. తరగతిలో ఈ లెక్క నల్లబల్ల మీద వేసిన రోజు పిల్లల ముఖాలు చూడాలి. నిరూపణ ఎందుకు కావాలని ఆ తరువాత ఎవరూ అడగరు.

ఈ చదువు మనది కాదన్న బెరుకు కూడా అక్కర్లేదు. కేరళలో 1530 ప్రాంతంలో జ్యేష్ఠదేవుడు యుక్తిభాష అనే గ్రంథం రాశాడు. అనంత శ్రేణులు ఎందుకు ఆ విలువ ఇస్తాయో ఉపపత్తులతో సహా, సంస్కృతంలో కాక మలయాళ వచనంలో విడమరచి చెప్పాడు. మన వైపు చూస్తే, 1920లో మచిలీపట్నంలో పుట్టిన కె. చంద్రశేఖరన్ బొంబాయి టాటా పరిశోధన సంస్థలో గణిత విభాగాన్ని ప్రపంచస్థాయికి తెచ్చిన విశ్లేషణ శాస్త్రవేత్త. ఆయనా, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మీనాక్షిసుందరమూ కలిసి 1952లో తెచ్చిన పుస్తకం శ్రేణులకు మొత్తం కట్టే పద్ధతుల గురించే. మనం ఇప్పుడు ముచ్చటించుకున్న విషయం వాళ్లకు జీవితకాలపు పని.

మరి ఏ పుస్తకం చదవాలి? ఉస్మానియా సిలబస్‌లో సూచించిన కెన్నెత్ రాస్ పుస్తకం, ఎలిమెంటరీ అనాలిసిస్, మొదటిసారి చదివేవారికి చాలా మంచిది. చిత్తు పని కూడా కొంత చూపిస్తాడు. దాన్ని వదిలి గైడు పట్టుకోకండని నా గట్టి సలహా. టెరెన్స్ తావో రాసిన అనాలిసిస్ రెండు సంపుటాలు 2006లో మొదట మన దేశంలోనే, హిందుస్థాన్ బుక్ ఏజెన్సీ ద్వారా వెలువడ్డాయి. సహజ సంఖ్యల నుంచి మొదలుపెట్టి ఓపిగ్గా కట్టుకొస్తాడు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి పాఠం చెప్పిన ఎస్. కుమరేశన్, అజిత్ కుమార్‌తో కలిసి రాసిన పుస్తకం మన పిల్లల ఇబ్బందులు తెలిసి రాసినది. 1993లో ఆయన మొదలుపెట్టిన ఎంటీటీఎస్ అనే గణిత శిక్షణ వేసవి శిబిరాలకు డిగ్రీ పిల్లలు దరఖాస్తు చేసుకోవచ్చు. 1953 నాటి రూడిన్ పుస్తకానికి పేరు చాలా ఉంది. అది రెండోసారి చదువుకు పెట్టుకోండి. వాక్యానికీ వాక్యానికీ మధ్య మీరు పూరించవలసింది అందులో మరీ ఎక్కువ.

పుస్తకం ఏదైనా చదివే తీరు ఒకటే. ఒక సిద్ధాంతం తీసుకుందాం. హద్దులు దాటకుండా, ఎప్పుడూ తగ్గకుండా పెరిగే వాస్తవ సంఖ్యల అనుక్రమం అభిసరిస్తుంది. నిరూపణ మీద చేయి అడ్డం పెట్టండి. ముందు షరతులను ఒక్కొక్కటిగా తీసేసి చూడండి. హద్దు తీసేస్తే 1, 2, 3 అని అంతులేకుండా పోతుంది. పెరగడం అన్న షరతు తీసేస్తే 1, మైనస్ 1, మళ్లీ 1 అని ఊగుతూనే ఉంటుంది. వాస్తవ సంఖ్యలు అన్న మాట తీసేసి అకరణీయ సంఖ్యలు మాత్రమే ఉన్నాయనుకుంటే, 1, 1.4, 1.41, 1.414 అని రెండు వర్గమూలం వైపు పోతుంది కానీ చేరడానికి అక్కడ సంఖ్యే లేదు. షరతుల్లో ఒక్కటీ దండగ కాదని ఇప్పుడు మీకు తెలిసింది. కనిష్ఠ ఎగువ హద్దు అన్న మాట నిరూపణలో ఎందుకు రావాలో కూడా మీరే ఊహించగలరు. ఇక చేయి తీసి చదవండి. తెలిసిన మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. జర్మన్ గణితవేత్త డెడెకిండ్ 1858లో జ్యూరిచ్‌లో విద్యార్థులకు సరిగ్గా ఈ సిద్ధాంతం చెప్పవలసి వచ్చినప్పుడే, దీనికి బొమ్మ గీసి చూపడం తప్ప గట్టి ఆధారం లేదని అసంతృప్తి పడ్డాడు. ఆ అసంతృప్తి నుంచే వాస్తవ సంఖ్యలకు ఆయన ఇచ్చిన నిర్మాణం 1872లో అచ్చయింది.

ఇలా చదివితే ఒక పేజీకి ఒక సాయంత్రం పడుతుంది. పట్టనివ్వండి. పరీక్షలో ఇంగ్లిష్‌లో రాయవలసి వచ్చినా, ఆలోచన తెలుగులో సాగనివ్వండి. తెలుగు అకాడమీ పుస్తకాల్లో ప్రమేయం, అవధి, అనుక్రమం, అభిసరణం అన్నీ తయారుగా ఉన్నాయి. నిరూపణను ముందు మీ మాటల్లో పక్కవాళ్లకు చెప్పండి. చెబుతూ చెబుతూ ఎక్కడ నోరు ఆగిందో అక్కడే అర్థం కాలేదన్నమాట. బస్సులో బిచ్కుంద పోయి వచ్చే ఇద్దరు స్నేహితులు దారిలో వారానికి ఒక సిద్ధాంతం గురించి మాట్లాడుకున్నా సెమిస్టర్ ముగిసేలోపు ఆ పేపరు చేతికి వస్తుంది. ఎన్‌పీటీఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ అధ్యాపకుల రియల్ అనాలిసిస్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి రాసే జామ్ పరీక్షలోనూ, సీఎస్ఐఆర్ నెట్‌లోనూ ఈ సబ్జెక్టుకు పెద్దపీట. కష్టం ఊరికే పోదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ అమ్మాయి గంటల తరబడి ఒకే పేజీ ముందు పెట్టుకుని, పేజీ తిప్పకుండా కూర్చుంటే చదవడం లేదనుకోకండి. అదే అసలైన చదువు. తోటి అధ్యాపకులకూ ఒక మాట. సిలబస్ అయిపోవాలన్న తొందర నాకూ తెలుసు. అయినా ఒక్క నిరూపణకైనా చిత్తు పని నల్లబల్ల మీద అందరి ముందు చేయండి. ఆ ఏడు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు కనబడాలి.

విద్యార్థులకు ఒక లెక్క ఇస్తాను. ఎక్స్ ఘనం అనే ప్రమేయం రెండు దగ్గర అవిచ్ఛిన్నమని ఎప్సిలాన్, డెల్టాలతో నిరూపించండి. పుస్తకం తెరవకుండా, చిత్తు కాగితం మీద వెనక నుంచి మొదలుపెట్టండి. డెల్టా ఒకటికి మించదని ముందుగా ఒప్పుకుంటే, ఈసారి ఏడు స్థానంలో మీకు 19 రావాలి. వస్తే రేపు మీ అధ్యాపకులకు చూపించండి. రాకపోతే ఆ కాగితం పారేయకుండా అదీ చూపించండి.